జానెడు పెట్టెలో నూజివీడు రసాలు

పేరులో జంక్షన్ ఉంది కదా అని హనుమాన్ జంక్షన్‌లో రెండు రైలు మార్గాలు కలుస్తాయనుకునేరు! ఇక్కడ కలిసేవి రోడ్లు. విజయవాడ నుంచి ఏలూరు వెళ్ళే జాతీయ రహదారిని, నూజివీడు వైపు నుంచి వచ్చి గుడివాడ వైపు సాగిపోయే రోడ్డు దాటేచోట ఈ ఊరు పెరిగింది. కూడలిలో అభయాంజనేయస్వామి గుడి. స్వామి పేరే ఊరి పేరయింది. 2001లో ఇదే పేరుతో సినిమా వచ్చాక, ఈ దారిన ఎన్నడూ పోనివాళ్ళకు కూడా ఊరు పరిచయమైంది.

మరి రైలు లేదా అంటే, భేషుగ్గా ఉంది. చెన్నై - హౌరా మెయిన్ లైను ఊరిని ఆనుకునే పోతుంది. స్టేషనూ ఉంది. కాకపోతే దాని పేరు నూజివీడు. అసలు నూజివీడు ఊరేమో ఇక్కడికి పదిహేను కిలోమీటర్లకు పైమాటే! రైలు దిగి ఊరేదని వెతుక్కునే కొత్తవాళ్ళు మళ్ళీ బస్సో ఆటోనో ఎక్కాల్సిందే. బెజవాడ నుంచి కటక్ వైపు ఈ లైను పడింది 1893-96 మధ్య. అప్పటికి ఈ చుట్టుపక్కల నలుగురికీ తెలిసిన పేరు జమీందారుల నూజివీడే కదా. పైగా 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడదీసినప్పుడు నూజివీడు ఏలూరు జిల్లాకు వెళ్ళింది. దాని పేరు మోస్తున్న స్టేషను కృష్ణా జిల్లాలోనే ఉండిపోయింది!

నూజివీడు అనగానే మనకు నోరూరేది మామిడికి. ఆగిరిపల్లి, రెడ్డిగూడెం, విస్సన్నపేట, ముసునూరు, చాట్రాయి... ఎటు వెళ్ళినా తోటలే. బంగినపల్లి, కలెక్టరు కాయ అని పిలుచుకునే తోతాపురి, పెద్దరసాలు, చిన్నరసాలు. ఏప్రిల్ మొదలు జూన్ దాకా కాయ కోతకొస్తుంది, సొన కారుతుంది, గడ్డి పరిచిన పెట్టెల్లోకి చేరుతుంది. విజయవాడ పక్కనున్న నున్న మార్కెట్టు నుంచి, తోటల నుంచి లారీలు కదులుతాయి. ఈ ప్రాంతపు కాయ రైలు పార్సిల్ పెట్టెల్లో ఢిల్లీ దాకా ప్రయాణం చేసిన వేసవులూ ఉన్నాయి.

ఆ పార్సిల్ పెట్టె గురించే ఈ కథనం. ఇరవయ్యొక్క మీటర్ల నిజం పెట్టె గురించి కాదు. దాన్ని జానెడు చేసి ఇంట్లో అలమారాలో నిలబెట్టడం గురించి.

ఆట కాదు, లెక్క

బొమ్మ రైలంటే కీ ఇస్తే గుండ్రంగా తిరిగేదనే మనకు తెలుసు. మోడల్ రైలు దారి వేరు. నిజం పెట్టె ఎంత పొడవుంటే దాన్ని ఇన్నో వంతు అని ఒక లెక్క పెట్టుకుని, తలుపు, చక్రం, మెట్టు, పైకప్పు అన్నీ అదే లెక్కకు తగ్గించి చేస్తారు. జర్మనీకి చెందిన మార్క్లిన్ కంపెనీ 1891లోనే లైప్‌జిగ్ సంతలో బొమ్మ పట్టాలకు నెంబర్ల వారీగా కొలతలు పెట్టింది. వాటిలోని 'సున్నా' సైజును తర్వాతి కాలంలో సగం చేస్తే వచ్చిందే ఇవాళ ప్రపంచంలో ఎక్కువమంది ఆడే 'హెచ్‌ఓ' సైజు. హాఫ్ ఓ అన్నమాట. అందులో రైలు నిజం రైలులో 87వ వంతు. పట్టాల మధ్య దూరం 16.5 మిల్లీమీటర్లు.

మనదేశంలో దీన్ని కళ్ళారా చూడాలంటే పుణెలోని జోషీస్ మ్యూజియం ఆఫ్ మినియేచర్ రైల్వేకు వెళ్ళాలి. భావూ జోషి అనే రైలు ప్రేమికుడు ఏళ్ళ తరబడి పోగుచేసిన రైళ్ళతో 1998లో తెరిచిన మ్యూజియమది. సిగ్నళ్ళు పడుతుంటాయి, రైళ్ళు వాటంతటవే ఆగుతాయి, కదులుతాయి. సెలవుల్లో పిల్లలతో వెళ్తే వాళ్ళకంటే మనమే ఎక్కువసేపు నిలబడిపోతాం.

ఇక్కడే మనవాళ్ళకో చిక్కు ఎదురవుతుంది. విదేశీ కంపెనీల పెట్టెల్లో దొరికేవి ఎక్కువగా వాళ్ళ దేశాల రైళ్ళే. మన పార్సిల్ పెట్టె, మన నీలం బోగీ కావాలంటే మనమే గీసుకోవాలి, మనమే కోసుకోవాలి. సరే గీద్దామని కూర్చుంటే మొదటి మెలిక పట్టాల దగ్గరే పడుతుంది.

చిన్నపిల్లల చెప్పులు

యూరప్, అమెరికాల్లో అధికభాగం పట్టాల మధ్య దూరం 1,435 మిల్లీమీటర్లు. మన బ్రాడ్ గేజ్ 1,676. అంటే అయిదడుగుల ఆరంగుళాలు. బ్రిటిష్‌వాళ్ళు తమ దేశంలో ఒకటి వేసుకుని ఇక్కడ ఇంకాస్త వెడల్పుది వేశారు. హెచ్‌ఓ పట్టా 16.5 మిల్లీమీటర్లు 1,435కు సరిగ్గా 87వ వంతు. మన గేజ్‌ను 87తో భాగిస్తే 19 మిల్లీమీటర్లు దాటుతుంది. దాదాపు మూడు మిల్లీమీటర్ల తేడా! చిన్నదే అనిపిస్తుంది గానీ, పెట్టె చేసి పట్టాల మీద పెట్టి ఎదురుగా చూస్తే బాగా తెలుస్తుంది. నిండైన మనిషి చిన్నపిల్లల చెప్పులు వేసుకున్నట్టుంటుంది.

దీనికి దారులు లేకపోలేదు. పంతొమ్మిది మిల్లీమీటర్ల పట్టాలు సొంతంగా వేసుకుని, ఇరుసులు సాగదీసుకోవచ్చు. ఓపికున్న మహానుభావులకు అది సరే. మామూలు ఉద్యోగస్తులకు, బడిపిల్లలకు కుదిరే పని కాదు. ఆ తేడాను పట్టించుకోకుండా 87వ వంతులోనే చేసుకుపోవడం రెండో దారి. చాలామందికి అదే సుఖం. మూడోది నాకు నచ్చిన దారి. పట్టాను కదపకుండా పెట్టెనే మార్చడం. 87 బదులు 100 పెట్టుకోండి. 1,676లో నూరో వంతు 16.76. బజారులో దొరికే పట్టా 16.5. తేడా పావు మిల్లీమీటరు. కంటికి ఆనదు!

నూరో వంతులో ఇంకో హాయి ఉంది. కాలిక్యులేటర్ అక్కర్లేదు. మీటరంటే సెంటీమీటరు. అంతే. మూడో తరగతి పిల్లాడు కూడా స్కేలు పట్టుకుని పెట్టె గీయగలడు. ఇంట్లో పెద్దవాళ్ళు, పిల్లలు కలిసి చేసే పనికి అంతకన్నా ఏం కావాలి?

ఏం కొలవాలి?

మన రైళ్ళలో అరవై ఏళ్ళకు పైగా రాజ్యమేలినవి చెన్నై పెరంబూరులోని ఇంటెగ్రల్ కోచ్ ఫ్యాక్టరీ నమూనా బోగీలు. 1955లో స్విట్జర్లాండ్ కంపెనీ సహకారంతో మొదలైన ఫ్యాక్టరీ అది. ఆ బోగీ ఒళ్ళు పొడవు 21.34 మీటర్లు, వెడల్పు 3.25. కింద నాలుగేసి చక్రాల బండ్లు రెండు. ఒక బండి నడుమ నుంచి రెండో బండి నడుమకు 14.78 మీటర్లు. ఒక్కో బండిలో ఇరుసుకూ ఇరుసుకూ మధ్య 2.9 మీటర్లు. చక్రం ఎత్తు 91.5 సెంటీమీటర్లు. 23 టన్నుల సరుకు మోసే పార్సిల్ పెట్టెనూ ఈ చట్రం మీదే కట్టారు.

ఇప్పుడు నూరో వంతు చేయండి. పొడవు 213 మిల్లీమీటర్లు. చేతివేళ్ళు చాపితే సరిగ్గా జానెడు. ఏ4 కాగితం మీద నిలువునా పట్టేస్తుంది. వెడల్పు 32 మిల్లీమీటర్ల పైన అర. చక్రం 9 మిల్లీమీటర్లకు కాస్త ఎక్కువ. అమెరికా గూడ్సు పెట్టెల కోసం అమ్మే హెచ్‌ఓ చక్రాలు 9.6 ఉంటాయి. అవి సరిపోతాయి.

కొలతలు ఇక్కడే ఉన్నాయి గదా, స్టేషనుకు వెళ్ళడమెందుకు అనకండి. తలుపు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో, కింద బ్రేకు సిలిండరు ఏ పక్కనుందో, పైకప్పు అంచు ఎంత వంపు తిరిగిందో చూస్తేగానీ తెలియదు. మేం చెప్పే చిట్కా ఇదీ. ప్లాట్‌ఫాం మీద నుంచి పెట్టెకు ఎదురుగా, ఏ పక్కకూ వంగకుండా నిలబడి ఒక ఫొటో తీయండి. ఇరుసుల మధ్య దూరం 2.9 మీటర్లని మనకు తెలుసు కదా. ఫొటోలో అది ఎన్ని మిల్లీమీటర్లొచ్చిందో చూసి, మిగతావన్నీ ఆ లెక్కన రాబట్టుకోవచ్చు. ముందు స్టేషన్ మాస్టరు గారి అనుమతి తీసుకోండి. పట్టాల మీదకు దిగే సాహసం మాత్రం వద్దు. నూజివీడు స్టేషన్లో పెద్ద ఎక్స్‌ప్రెస్‌లు చాలావరకు ఆగకుండా దూసుకుపోతాయి.

పార్సిల్ పెట్టెలు రాకపోయినా నిరాశ పడక్కర్లేదు. వయసైపోయిన ప్యాసింజరు బోగీలకు కిటికీలు మూసి, రేకు కొట్టి, కార్లూ ఆటోలూ మోసే పెట్టెలుగా మార్చి నడుపుతారు. వాటిని గమనిస్తే ఒకప్పుడు కిటికీలున్న చోట అతుకుల గీతలు తెలుస్తుంటాయి. మోడల్ చేసేవాడికి ఆ గీతలే ప్రాణం.

శుభలేఖ పనికొస్తుంది

ఒళ్ళు దేంతో చేయాలి? విదేశాల్లో పలుచని ప్లాస్టిక్ రేకులు, ఇత్తడి రేకులు వాడతారు. ఇప్పుడు కంప్యూటర్లో గీసిన బొమ్మను పొరలు పొరలుగా పోసి ఇచ్చే త్రీడీ ప్రింటర్లూ వచ్చాయి. మొదటి పెట్టెకు అవేవీ వద్దు. ఇంట్లో పాత పెళ్ళి శుభలేఖలు ఉండే ఉంటాయి. గట్టి అట్ట, నునుపైన పక్క. రెండు పొరలు ఫెవికాల్‌తో అంటించి బరువు కింద ఒక రాత్రి ఆరనిస్తే రేకులా నిలబడుతుంది. తలుపులు మీద పొరలో కోస్తే చాలు. కింది పొర లోతు చూపిస్తుంది. అట్ట మందాన్ని కూడా వెడల్పులో కలుపుకోవాలి సుమా. అటు మిల్లీమీటరు, ఇటు మిల్లీమీటరు పెరిగితే నిజం పెట్టె ఇరవై సెంటీమీటర్లు లావెక్కినట్టు!

అసలు కష్టం మలుపు దగ్గర. మన బ్రాడ్ గేజ్ మీద పది డిగ్రీల వంపు అంటే బాగా పదునైన మలుపు. దాని వ్యాసార్ధం 175 మీటర్లు. నూరో వంతు చేస్తే 1.75 మీటర్లు. అంటే చుట్టు తిరిగి రావడానికి మూడున్నర మీటర్ల జాగా కావాలి. మన హాలంతా పట్టాలే! అందుకని బల్లమీద 45 సెంటీమీటర్ల మలుపుతో సరిపెట్టుకుంటారు. ఆ మలుపులో జానెడు పెట్టె నడుము లోపలికి ఆరు మిల్లీమీటర్లు, మూలలు బయటికి ఆరున్నర మిల్లీమీటర్లు తోసుకొస్తాయి. పక్కన ప్లాట్‌ఫాం కట్టేవాళ్ళు ఇది చూసుకోకపోతే రైలు ప్లాట్‌ఫాంను గీరేస్తుంది. కింద చక్రాల బండి తొమ్మిదిన్నర డిగ్రీలు తిరుగుతుంది. చక్రం రెండున్నర మిల్లీమీటర్లు పక్కకు జరుగుతుంది. అక్కడ చట్రానికి అందంగా మెట్లూ గొట్టాలూ తగిలించామో, చక్రం వాటికి తగిలి పెట్టె పడిపోతుంది. అందం ఎక్కడ వదులుకోవాలి, నడక ఎక్కడ వదులుకోవాలి అన్నదే ఈ పనిలో రోజూ జరిగే పంచాయితీ. నిజం తక్కువైనా సరే, నడిచే పెట్టే నా లెక్కలో మంచి పెట్టె.

ఇంకొక కిటుకు. రెండు బండ్లనూ గట్టిగా బిగిస్తే పట్టా ఏమాత్రం ఎగుడుదిగుడుగా ఉన్నా ఒక చక్రం గాలిలో తేలుతుంది. ఒక బండిని అటూ ఇటూ తిరిగేలా మాత్రమే బిగించి, రెండోదాన్ని పక్కలకు కూడా ఊగనివ్వాలి. మూడు కాళ్ళ పీట ఎక్కడ వేసినా కుదురుగా కూర్చుంటుంది చూడండి, అదే సూత్రం.

బరువు సంగతి మరీ విచిత్రం. పొడవు నూరో వంతయితే బరువు పది లక్షల వంతవుతుంది. పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ తగ్గుతాయి కదా! టన్ను కాస్తా గ్రామవుతుంది. నిజం పెట్టె ఖాళీగా ముప్పయ్యో నలభయ్యో టన్నులుందనుకోండి, మనది ముప్పై నలభై గ్రాములుండాలన్నమాట. అంత తేలిక పెట్టె పట్టాల మీద నిలవదు. ఫ్యాను గాలికే ఊగుతుంది. 1935లో ఏర్పడిన అమెరికా మోడల్ రైల్ సంఘం వాళ్ళ లెక్క ప్రకారం ఈ పొడవు పెట్టెకు దాదాపు 150 గ్రాములు కావాలి. హార్డ్‌వేర్ షాపులో దొరికే ఇనుప వాషర్లు నేల మీద, సరిగ్గా నడుమన అంటించేస్తే సరి. పైన పెడితే బోర్లా పడుతుంది.

మన బొమ్మల వాళ్ళకు రైలు కొత్త కాదు

ఇదే లైను పట్టుకుని విశాఖ వైపు పోతే నర్సీపట్నం రోడ్డు స్టేషనుకు దగ్గర్లో వరాహ నది ఒడ్డున ఏటికొప్పాక ఉంది. అంకుడు కర్రను లేత్ మీద తిప్పి, ఆ తిరుగుడు వేడికే లక్కరంగు కరిగించి అద్దుతారు. 2017లో భౌగోళిక గుర్తింపు పొందిన ఈ బొమ్మల్లో రైలుబండి కూడా ఉంటుంది. గుండ్రటి ఇంజను, వెనుక పసుపు, ఎరుపు పెట్టెలు. దానికి ఏ వంతు లెక్కా లేదు. ఏ రైలూ అలా ఉండదు. అయినా రెండేళ్ళ పాప దాన్ని చూడగానే కూ... అంటుంది. కొలతల పిచ్చిలో పడ్డవాళ్ళు ఒక ఏటికొప్పాక రైలును ఎదురుగా పెట్టుకోవడం మంచిదని నా అభిప్రాయం.

ఇక ఇటు మన పక్కనే కొండపల్లి. అక్కడ తెల్లపొణికి కర్రతో ఎడ్లబండ్లు, అంబారీ ఏనుగులు చేస్తారు. ముక్కలు అతికి, సందులు పూడ్చడానికి చింతపిక్కల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కు వాడతారు. పెట్టె అంచులకు పొణికి మరీ మెత్తన. కానీ మామిడి పెట్టెల బస్తీ కట్టడానికి, స్టేషను గోడలకు దాన్ని మించింది లేదు. మక్కు అయితే మన అట్టపెట్టె పైకప్పు అతుకులు పూడ్చడానికీ పనికొస్తుంది.

ఎందుకింత తొందర?

ఈ పనిని వచ్చే ఏడు చూద్దాంలే అనుకోవడానికి వీల్లేని కారణం ఒకటుంది. పెరంబూరు ఫ్యాక్టరీ పాత నమూనా బోగీలు చేయడం 2018 జనవరితో ఆపేసింది. ఇప్పుడన్నీ ఎల్‌హెచ్‌బీ రకమే. అవి 23.54 మీటర్లు. నూరో వంతులో రెండు సెంటీమీటర్ల పైన పొడుగు. ముఖమూ వేరు, కింద బండ్లూ వేరు. పాతవి ఒక్కొక్కటిగా పట్టాలు దిగుతున్నాయి. మన తాతలు, నాన్నలు పెళ్ళిళ్ళకు, పుష్కరాలకు, ఉద్యోగాలకు ఎక్కిన బోగీ అదే. మెరూన్ రంగులో ఉన్నప్పుడూ అదే, తర్వాత నీలం వేసుకున్నప్పుడూ అదే. తోట నుంచి వచ్చిన కాయను ఢిల్లీ చేర్చిన పెట్టె చట్రమూ అదే.

మ్యూజియంలో దాచరా అంటే, దాస్తారు. ఇంజన్లను తప్పకుండా దాస్తారు. 1977 నుంచి ఢిల్లీలో జాతీయ రైలు మ్యూజియం ఉంది. రాజుల సెలూన్ బోగీలూ అక్కడ భద్రంగా ఉన్నాయి. మామిడికాయలు మోసిన మామూలు పెట్టెను దాచడానికి ఎవరికి తీరిక? ఇరవై ఏళ్ళ తర్వాత ఒక పిల్లవాడు అది చేద్దామనుకుంటే ఎదురుగా నిలబడి చూసుకునే పెట్టె ఉండదు. ఇవాళ ఒక ఆదివారం పూట మనం తీసిన ఫొటో, గ్రాఫ్ కాగితం మీద గీసిన గీత, జానెడు అట్టపెట్టె, ఇవే వాడికి దిక్కు కావచ్చు.

అలమారాలో స్టేషను

ఇరవై నాలుగు పెట్టెల ఎక్స్‌ప్రెస్ చేద్దామని ఉత్సాహపడకండి. నూరో వంతులో కూడా అది అయిదున్నర మీటర్లు. నాలుగడుగుల పలక తీసుకుంటే చాలు. ఒక పట్టా, ఒక ప్లాట్‌ఫాం, మూడు పార్సిల్ పెట్టెలు. మలుపుల గొడవే లేదు. రంగు వేసేటప్పుడు నిజం పెట్టె రంగులో కాస్త తెలుపు కలపండి. చిన్న వస్తువు మీద అదే రంగు మరీ ముదురుగా కనిపిస్తుంది.

అన్నట్టు, విజయవాడ నుంచి ఢిల్లీకి రైలు దారి 1,750 కిలోమీటర్ల చిల్లర. దాన్ని కూడా నూరో వంతు చేస్తే పదిహేడున్నర కిలోమీటర్లు. అటూ ఇటుగా జంక్షన్ నుంచి నూజివీడు ఊరికి వెళ్ళేంత!

ఇక సరుకు. పెట్టె పట్టే 23 టన్నుల కాయ మన లెక్కలో 23 గ్రాములు. పన్నెండు సెంటీమీటర్ల బంగినపల్లి నూరో వంతయితే మిల్లీమీటరు పైన కొంచెం. వంటింట్లో పోపుల పెట్టె తెరవండి, దొరుకుతుంది. ఆవగింజ! పసుపు ఆవాలైతే మరీ మంచిది, పండిన రంగొస్తుంది. నల్ల ఆవాలకు ఆకుపచ్చ రంగు వేస్తే కోతకొచ్చిన కాయ. చిన్నరసాలకు ఆవగింజ పెద్దదవుతుంది. వాటికి గసగసాలు వాడాలి. అగ్గిపుల్లలు చీల్చి గంపలంత పెట్టెలు చేసి, కొబ్బరిపీచు గోరుతో గీకి గడ్డిలా పరిచి, మీద జిగురు చుక్క వేసి గింజలు చల్లండి. ఆరాక ఒక పూత వార్నిష్ తప్పదు, లేకపోతే చీమలు దించుకుపోతాయి. కాయకు తొడిమ పెట్టడం మాత్రం ఎవరివల్లా కాదు.